తొమ్మిదో నంబరు ఇంటి ఎత్తు

సెమరాంగ్,
12 జూన్ 1995

అస్సలాము అలైకుం.

బాలిక్‌పాపన్ చమురు శిబిరపు వంటశాలకు మహారాణి, మా అమ్మకు సొంత చెల్లెలు, కెంచన సెగారా కాలనీలో తొమ్మిదో నంబరు ఇంటికి యజమానురాలు అయిన వుర్యాని పిన్నిగారి మోకాళ్ళకు నుదురానించి, ఆ ఇంటి కాపలాదారూ ఆర్థికశాస్త్రం మూడో ఏడు విద్యార్థీ అయిన ద్రజత్ సమర్పించుకునే మొదటి నివేదిక.

ఇల్లు క్షేమం. నేనూ క్షేమం. మీరు అడిగింది ఈ వరుసలోనే కనుక నేనూ ఈ వరుసలోనే రాస్తున్నాను.

మొదటిరోజు తాళం రాలేదు. కొబ్బరినూనె పోసి, బతిమాలి, తిట్టి, మళ్ళీ నూనె పోస్తే మర్నాటికి మనసు మార్చుకుంది. ఉప్పుగాలికి ఇక్కడ తాళాలూ కిటికీ ఊచలూ నా సైకిలూ అన్నీ తుప్పు పడుతున్నాయి. నాకింకా పట్టలేదు. పరీక్షల ఫలితాలు వచ్చాక చూడాలి.

ఇక సముద్రం సంగతి. మీకు అమ్మినవాడు చెప్పినదానికన్నా చాలా దగ్గర. అమావాస్యకీ పున్నమికీ వీధిలోకి నడిచొచ్చి, మన గేటు ముందు కాసేపు నిలబడి, పలకరించి, తలవంచుకుని వెనక్కి పోతుంది. దీన్ని ఇక్కడివాళ్ళు రోబ్ అంటారు. ఇంత మర్యాద తెలిసిన సముద్రాన్ని నేనెక్కడా చూడలేదు. (వొనొసోబో కొండల్లో బంగాళాదుంపల మధ్య పెరిగినవాణ్ణి, అసలు ఏ సముద్రాన్నీ చూడలేదనుకోండి.)

మర్యాదంటే గుర్తొచ్చింది. పేరు రాయించుకోవడానికి వీధి పెద్ద పాక్ నోతోగారి ఇంటికి వెళ్ళాను. ఆయన తన ఇంట్లో కూడా తల వంచుకునే నడుస్తాడు పిన్నీ! అతిథి ముందు అంత వినయం. నేను మాత్రం తక్కువ తిన్నానా, నేనూ వంగాను. ఇద్దరం ఒకరికొకరం వంగివంగి చివరికి టీ కప్పుల్లో మొహాలు కడుక్కునేంత పనైంది.

అసలు శుభవార్త ఇది. వీధిలో అందరూ ఇళ్ళు బాగుచేయించుకుంటున్నారు. ఎదురింటి పాక్ త్రిమో, రైల్వేలో రిటైరైన పెద్దమనిషి, లారీలకొద్దీ మట్టి తెప్పించి నేల ఎత్తు చేయిస్తున్నాడు. పని మొదలుపెట్టే ముందు తనే స్వయంగా బెర్కట్ అన్నం పొట్లం పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చాడు. అరటాకులో వేడన్నం, కోడి, కొబ్బరి కలిపిన ఆకుకూర, ఉడికిన గుడ్డు, వేయించిన సోయా టెంపే.

"ఇల్లు కాస్త బాగుచేయించుకుంటున్నాం నాయనా. మీకేమైనా ఇబ్బందైతే పెద్దమనసు చేసుకోవాలి."

"దుమ్మే కదా పాక్, తుడుచుకుంటే పోతుంది."

ఆయన నన్నోసారి పైనుంచి కిందికి చూసి, "తింటారుగా మరి?" అన్నాడు.

తినకపోవడమా! ఆయన గేటు దాటేలోగా కోడికాలు నా నోట్లో ఉంది. తర్వాత ఏడో నంబరువాళ్ళు, ఐదో నంబరువాళ్ళు కూడా ఇచ్చారు. పిన్నీ, హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఉడకబెట్టిన నూడుల్స్ మీద బతికినవాణ్ణి. ఈ కాలనీ స్వర్గానికి పక్క వీధి.

మా ప్రొఫెసరు చెప్పిన సూత్రం ఒకటుంది. ఇరుగుపొరుగు తమ ఇళ్ళమీద డబ్బు పోస్తే, మనం కాలుమీద కాలేసుకుని కూర్చున్నా మన ఇంటి విలువ పెరుగుతుంది. కాలుమీద కాలేసుకునే బాధ్యత నేను స్వీకరించాను.

గేటు వైపు ఆకలిగా చూస్తూ,
మీ కాపలాదారు
ద్రజత్

*

బాలిక్‌పాపన్,
3 జూలై 1995

ద్రజత్‌కి ఆశీస్సులు.

నీ ఉత్తరం వంటగదిలో పైకి చదివాను. "మహారాణి" అన్నచోట గిన్నెలు కడిగే పిల్లలు పడిపడి నవ్వారు, ఇంజనీర్ల అన్నం అడుగంటింది. ఇకమీదట నాకు బిరుదులివ్వకు. ఇవ్వాలనిపిస్తే ఉత్తరం చివర ఇవ్వు, అప్పటికి పొయ్యి ఆర్పేసి ఉంటాను.

సముద్రం గేటు దాకా వస్తుందని చదివి రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాను. అమ్మినవాడు పది నిమిషాల నడక అన్నప్పుడు, అమ్మేవాళ్ళ పది నిమిషాలంటే అరగంట అని సరిపెట్టుకున్నా. ఇక్కడ శిబిరంలో సముద్రం కనిపించే గది కోసం పెద్ద పెద్ద ఉద్యోగస్తులు ఒకళ్ళమీద ఒకళ్ళు అర్జీలు పెట్టుకుంటారు. నాకు మాత్రం అర్జీ లేకుండా గుమ్మంలోకే వచ్చిందన్నమాట. మీ అమ్మకి చెప్పు. "పెళ్ళి మానుకుని సముద్రం ఒడ్డున ఇల్లు కొంది, పిచ్చి ముదిరింది" అన్నది కదా, ఆ మాట అన్న నోటితోనే నీ ఉత్తరం చదివించు.

ఇక పని విను. వెనక వసారా పడగొట్టి వంటగది కట్టించు. పెద్ద పొయ్యి రెండు, అటూ ఇటూ గచ్చు నుంచి మొదలయ్యే టేకు అరలు. జెపారా వడ్రంగులైతేనే. వాళ్ళు చెక్కినదానికి చెద కూడా ఆలోచించి ముట్టుకుంటుంది. వచ్చే ఏడు పండక్కల్లా నేను ఉద్యోగం వదిలి వచ్చేస్తాను. పెళ్ళిళ్ళకీ ఆఫీసులకీ భోజనాలు వండి పంపుతాను. పదహారో ఏట మాగెలాంగ్‌లో దొరసాని ఇంట్లో పనికి చేరినప్పటినుంచి ఇంకొకరి గదిలో ఇంకొకరి గడియ కింద పడుకున్నాను ద్రజత్. ఇక్కడ కూడా గదికి నలుగురం. నా ఇంటి తలుపుకి గడియ లోపలివైపు ఉందో లేదో చూసి రాయి.

చివరి మాట. వాళ్ళ కోళ్ళన్నీ తిని ఊరికే కూర్చున్నావా? ఎవరు పెంచారురా నిన్ను? ఇక్కడి చేప అప్పడాలు పెట్టెడు పంపుతున్నాను. వీధిలో ప్రతి ఇంటికీ ఒక పొట్లం ఇవ్వు. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వు.

పిన్ని

*

సెమరాంగ్,
20 ఆగస్టు 1995

మహారాణి అనకూడదన్న ఆజ్ఞ శిరసావహించి, పేరు లేని ఒక గొప్ప వ్యక్తికి,

గడియ లోపలివైపే ఉంది. ఇత్తడిది. మూడుసార్లు వేసి తీసి చూశాను. నాలుగోసారి ఇరుక్కుంది, కిటికీలోంచి దూకి కాలేజీకి వెళ్ళాను. బాగుచేయించాను లెండి.

దేశానికి యాభై ఏళ్ళు నిండిన పండగ మన వీధిలో ఘనంగా జరిగింది. కొవ్వు పూసిన పోకమాను ఎక్కే పోటీలో నేను పాల్గొన్నాను. చాలా వేగంగా దిగినందుకు అందరూ మెచ్చుకున్నారు. పోటీలు వీధిలోనే జరిగాయి, నీళ్ళు చీలమండల దాకా ఉన్నా ఎవరూ ఆగలేదు. గోనెసంచుల్లో గెంతేవాళ్ళు పడితే దెబ్బ తగలకుండా సముద్రమే పరుపు పరిచింది.

మీ చేప అప్పడాలు పంచాను, రెండు చేతులతోనే. అక్కడొక చిత్రం జరిగింది పిన్నీ. పొట్లం చేతికి అందగానే ప్రతి ఇంట్లోనూ నవ్వు ఆగిపోయింది. పాక్ త్రిమో భార్య లోపలికెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చింది. ఆయన చొక్కా వేసుకుని వచ్చి, నన్ను కూర్చోబెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత ఎత్తు అనుకుంటున్నారు?"

మన వంటగది కడుతున్న సంగతి వీధంతా తెలుసు, పొయ్యి గట్టు గురించి అడుగుతున్నాడనుకున్నాను. మీరు నిలబడి వండాలి కదా.

"నడుము దాకా, పాక్."

ఆయన భార్య "అల్లా!" అంది.

"నడుమా?" అన్నాడాయన. "ఒక్కసారే?"

"మళ్ళీ మళ్ళీ ఎవరు చేయిస్తారు పాక్? చేసేదేదో ఒక్కసారే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఆయన పొట్లం విప్పి ఒక అప్పడం తీసి, మందు మింగినట్టు మింగాడు. ఏడో నంబరులోనూ ఇదే వరస. ఐదులోనూ ఇదే. "ఎంత ఎత్తు?" "నడుము దాకా." "అయ్యో!" వంటగదుల మీద ఇంత శ్రద్ధ ఉన్న జనాన్ని నేను పుస్తకాల్లో కూడా చదవలేదు. పదకొండో నంబరు, అంటే వీధి చివర మన పక్కిల్లు, తాళం వేసి ఉంది. అక్కడుండే బూ కుస్తినా అనే ముసలావిడ కెండల్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిందట. ఆవిడ పొట్లం నా దగ్గర భద్రంగా ఉంది. (ఉండేది.)

జెపారా వడ్రంగులు వచ్చారు. అరలు అద్భుతం. తలుపులమీద మల్లెపూలు చెక్కారు, వాసన ఒక్కటే తక్కువ. మేస్త్రీ మాత్రం "గచ్చు నుంచే కావాలా? నిజంగానే?" అని రెండుసార్లు అడిగాడు. "మా పిన్ని ఆజ్ఞ" అన్నాను. "మీ పిన్ని ఈ ఊరిదేనా?" అన్నాడు. "ఆవిడ చాలా ఊళ్ళు చూసింది" అని నోరు మూయించాను.

వీధిలో నా ఖాతాలో చేరిన అన్నం పొట్లాలు ఇప్పటికి ఏడు. బరువు కూడా పెరిగాను.

ద్రజత్

*

బాలిక్‌పాపన్,
15 సెప్టెంబరు 1995

ద్రజత్‌కి,

నువ్వు పంపిన ఫొటో నా మంచం పక్కన గోడకి అంటించాను. మల్లెపూల అరలు చూసి నా గదిలో పడుకునే ముగ్గురూ ఒక పూట నాతో మాట్లాడలేదు. అంతకన్నా పెద్ద మెప్పు ఏముంటుంది?

ఫొటోలో గచ్చు అద్దంలా మెరుస్తోంది. ఏ పాలిష్ వేయించావు? అరల నీడ కూడా అందులో కనిపిస్తోంది.

నడుమెత్తు గట్టుకి అంత ఆశ్చర్యపోయారంటే, ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఇంకా నేలమీద కూర్చునే వండుతున్నారా? నేను వచ్చాక నేర్పుతాను. పాక్ త్రిమో భార్యని మొదట పిలుస్తాను, మంచి మనిషిలా ఉంది.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. మేనేజరు ఇంకో ఏడాది ఉండమన్నాడు. "మా ఇంటికి సముద్రం వచ్చి నిలబడుతోంది సార్, ఎన్నాళ్ళు ఎదురుచూడమంటారు?" అన్నాను. నీ మాటే వాడుకున్నాను, ఏమనుకోకు. ఉపవాస నెల చివర్లో ఓడ. దాచుకున్నదంతా వంటగదికీ ఆఖరి వాయిదాకీ అయిపోయింది, మిగిలింది కాస్తే. అయినా భయం లేదు. ఇల్లుంది.

నీ ఉత్తరాల్లో ఈ మధ్య సముద్రం గురించి తక్కువ రాస్తున్నావు. ఇంకా వస్తోందా?

పిన్ని

*

సెమరాంగ్,
25 నవంబరు 1995

పిన్నీ,

బిరుదులేమీ లేవు ఈసారి. ఈ ఉత్తరం వంటగదిలో పైకి చదవకండి.

గచ్చుకి పాలిష్ వేయించలేదు. ఆ రోజు నీళ్ళున్నాయి. వేలి మందం. ఫొటో తీసేవాడు బాగుందన్నాడు, నేనూ బాగుందనుకున్నాను.

ఇప్పుడు వేలి మందం కాదు. ఈ అమావాస్యకి సముద్రం గేటు దగ్గర ఆగలేదు. వంటగదిలోకొచ్చి, అరల కింది తలుపులు తీసి, లోపల ఏమున్నాయో చూసి, సగం రోజు ఉండి పోయింది. తలుపులు ఉబ్బి ఇప్పుడు మూసుకోవడం లేదు. నేను మంచం ఇటుకలమీదకి ఎక్కించాను. నేను మంచంమీదకి ఎక్కాను.

కోపంతో పాక్ నోతో దగ్గరికి పరిగెత్తాను. "వీధిలో కాలవ బాగుచేయించరా, మా ఇంట్లోనే ఎందుకు నీళ్ళు?" అని అరిచాను. వీధి పెద్దమీద అరవకూడదని తెలుసు. ఆయన అరవనిచ్చాడు. అంతా అయ్యాక టీ పోశాడు.

"మీ ఇంట్లోకి కాక ఎక్కడికి పోతాయి నాయనా? ఎదురిల్లు లేచింది. ఏడు లేచింది, ఐదు లేచింది. నేను మూడేళ్ళ కిందటే లేపాను. ఇక్కడ నేల కుంగుతుంది, మనం పోస్తాం, మళ్ళీ కుంగుతుంది. ఎత్తుగా ఉన్నవాడి నీళ్ళు ఎత్తు లేనివాడికి."

"అయితే ఒక్క మాట చెప్పొచ్చు కదా, పాక్!"

"చెప్పారుగా."

"ఎవరు?"

"అందరూ. అన్నం పెట్టి మరీ చెప్పారు." ఆయన నిజంగానే అయోమయంగా చూశాడు. "ఇల్లు లేపేవాడు బెర్కట్ పంపుతాడు. ఇబ్బందనుకున్నవాడు విప్పకుండా తిరిగి ఇస్తాడు. అప్పుడు కూర్చుని మాట్లాడుకుంటారు, ఆగుతారు, లేదా ఇద్దరూ కలిసి లేపుకుంటారు. తిన్నవాడు ఒప్పుకున్నట్టే. ఈ వీధిలో ఇంతవరకు ఒక్క తగాదా లేదు, కారణం ఇదే. మీరు ఏడు తిన్నారు. ఒక్కటీ తిప్పి పంపలేదు. ఈ కాలంలో ఇంత పెద్దమనసున్న కుర్రాడా అని మేమంతా చెప్పుకున్నాం."

పిన్నీ, నేను నేలమీద కూర్చుండిపోయాను. ఆయన ఇంటి నేల పొడిగా ఉంది. లేచేటప్పుడు ద్వారబంధం నెత్తికి కొట్టుకుంది. అప్పుడు చూశాను. నేల లేస్తుంది కానీ కప్పు లేవదు. ఆయన వంగి నడిచేది నా మీద గౌరవంతో కాదు.

ఇంకొకటి కూడా చెప్పాడు. మీ అప్పడాలు చూసి, మనం కూడా ఇల్లు లేపుతున్నామనే అనుకున్నారట. అదీ నడుము దాకా! అంత ఎత్తు ఈ కాలనీలో ఎవరూ లేపలేదట. పాక్ త్రిమో రెండు రాత్రులు నిద్రపోలేదట. అయినా మన పొట్లాలు ఏడు తిన్నవాడు అడిగితే ఎలా కాదంటాం అని, అందరూ తిన్నారట.

ఆర్థికశాస్త్రం పుస్తకం కింది అరలోనే పెట్టాను. ఇప్పుడది రెండింతలు లావైంది.

ఏం చేయమంటారో రాయండి. ఏం తిట్టినా రాయండి.

ద్రజత్

*

బాలిక్‌పాపన్,
9 డిసెంబరు 1995

ద్రజత్,

నువ్వు నా ఇల్లు తినేశావు.

ఈ ఒక్క వాక్యం రాసి కవరు అంటించేద్దామనుకున్నాను. రెండు రోజులు అలాగే బల్లమీద ఉంచాను కూడా. గదిలోవాళ్ళు ఫొటో ఎందుకు తీసేశావని అడిగితే గోడకి చెమ్మ అన్నాను.

జూన్ నుంచి చెబుతున్నావు. పలకరిస్తుంది, పరుపు పరుస్తుంది, మర్యాద తెలిసినది. మనిషి చచ్చిపోయినా నీ ఉత్తరంలో నిద్రపోయాడనే ఉంటుంది. నాకూ బుద్ధి లేదు, నాకు కావలసిందే నీ ఉత్తరంలో చదువుకున్నాను. కానీ నీ వయసు నాకు లేదు ద్రజత్. నువ్వు ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు. నా స్థానంలో మలాంగ్ నుంచి వంటమనిషి వచ్చేసింది, ఆవిడకి నా మంచమే ఇచ్చారు. నేను ఇప్పుడు సామాన్ల గదిలో పడుకుంటున్నాను.

విను. అందరూ తిన్నారన్నావు. అయితే లేపు. గాజులు అమ్మి డబ్బు పంపిస్తున్నాను. అరలు పీకి పక్కన పెట్టు, మట్టి పోయించు, పండగ లోపల గచ్చు ఆరాలి. నడుము దాకా వద్దు, నేను బాతులా నడవలేను. మోకాలి పైకి చాలు. పక్కింటి ముసలావిడకి అప్పడాలు అందలేదని రాశావు. ఆవిడకి పద్ధతిగా పొట్లం పట్టుకెళ్ళి ఇవ్వు. ఆవిడ ఎలా ఉంటుందో, ఆవిడ ఇల్లెలా ఉందో నాకు రాయకు. నాకు తెలియనక్కర్లేదు.

ఈసారి నీ నోట్లో పెట్టుకోకు.

పిన్ని

*

సెమరాంగ్,
18 జనవరి 1996

పిన్నికి, మోకాళ్ళకు నుదురానించి.

మీరు చెప్పినట్టే చేశాను, ఒక్కటి తప్ప.

మట్టి లారీలకు చెప్పాను. అరలు పీకించాను. పాడైన తలుపులు మూడే, మిగిలినవి వడ్రంగి బాగుచేస్తానన్నాడు. వెనక సందులో వండే ఆవిడ దగ్గర పొట్లం కట్టించాను. కోడికాలే పెట్టించాను, మెడ కాదు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, నిన్న మధ్యాహ్నం పదకొండో నంబరుకి వెళ్ళాను.

మీరు రాయవద్దన్నారు. రాస్తున్నాను.

గుమ్మం మన గుమ్మం కంటే మెట్టు కిందికి ఉంది. లోపల పిక్కల దాకా నీళ్ళు. బూ కుస్తినా ఇటుకలమీద పెట్టిన మంచం మీద కూర్చుని, చిన్న సత్తుగిన్నెతో తోడి కిటికీలోంచి బయటికి పోస్తోంది. చిన్న మనిషి. గొంతు మాత్రం స్టేషన్‌లో మైకంత.

"రా నాయనా, తొమ్మిదో నంబరూ! చెప్పులు విప్పకు, తేలిపోతాయి."

మంచం చివర కూర్చోబెట్టింది. పొట్లం చూసింది. గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఎంత ఎత్తు?"

"మోకాలి పైకి, బూ."

"నీ మోకాలా, నా మోకాలా?"

ఆవిడే నవ్వింది.

"పోనీలే. మీ పిన్ని పెళ్ళి చేసుకోలేదట కదా? తెలివైన పిల్ల. మా ఆయన ఈ ఇంటిని రెండుసార్లు లేపాడు. మూడోసారికి ఆయన్నే లేపలేకపోయాం. కొడుకు వచ్చెయ్యమంటాడు, వెళ్తాను. వారం తిరక్కముందే కోడలు నా సంచీ సర్ది గుమ్మంలో పెడుతుంది. ఇక్కడైతే సంచీ గుమ్మంలో పెడితే తడుస్తుంది, ఎవరూ పెట్టరు."

"ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొస్తున్నారు, బూ?"

"సగం నీళ్ళు మీ ఇంట్లో ఉంటున్నాయి కదా, మిగిలిన సగమే తోడుతున్నాను. మంచి పొరుగు దొరికారు." ఎగతాళి లేదు పిన్నీ ఆ మాటలో. నిజంగానే అంది. తర్వాత చెయ్యి చాచింది. "ఇటివ్వు. చల్లారితే కోడి గట్టిపడుతుంది, నాకు పళ్ళు తక్కువ."

"తినకపోతే ఏమవుతుంది, బూ? తిప్పి పంపితే?"

"ఏమవుతుంది? మీ పిన్ని వచ్చి నాతో మాట్లాడుతుంది. మంచి మనుషులు వచ్చి ఎదురుగా కూర్చుని అడిగితే నేనెప్పుడూ కాదనలేదు. ఐదుకీ ఏడుకీ అనలేదు, మీకెందుకంటాను? ఒప్పుకునేదేదో కడుపు నిండా తిని ఒప్పుకుంటే పోలా?"

ముడి విప్పింది. ఆకు తెరిచింది. అన్నంమీద నుంచి ఆవిరి వచ్చింది. బిస్మిల్లా అని మొదటి ముద్ద కలుపుతోంది.

నేను ఆకు లాక్కున్నాను పిన్నీ. లాక్కుని తినేశాను. అక్కడే, ఆ మంచంమీదే, ఆవిడ ఎదురుగా. కోడీ గుడ్డూ ఆకుకూరా, అంతా.

"ఒరే, పిచ్చి సన్నాసీ! అది నాదిరా!"

"తెలుసు, బూ." నోట్లో అన్నం ఉంది, సరిగ్గా పలకలేదు.

"మీ పిన్ని చంపుతుంది నిన్ను."

"తెలుసు."

"టెంపే ముక్కయినా ఇటు పడెయ్యి."

"ఇవ్వను. ముక్క తిన్నా తిన్నట్టే."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత గిన్నె తీసుకుని మళ్ళీ తోడటం మొదలుపెట్టింది. తోడుతూ, నన్ను చూడకుండా, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. సరిపోయిందన్నాను. నిజానికి నాకు రుచి తెలియలేదు.

పాక్ నోతోకి చెప్పాను. పదకొండో నంబరు తినలేదు కనుక తొమ్మిదో నంబరు లేవడానికి వీల్లేదన్నాడు. తినకపోవడానికి కారణం అడిగాడు, చెప్పాను. లారీలవాళ్ళని ఆగమన్నాను.

మీరు ఏ ఇంట్లో దిగుతారో నాకు తెలుసు. ఆ ఇంట్లో ఇప్పుడు చీలమండల పైకి నీళ్ళున్నాయి. దీన్ని నేను ఇంకో రకంగా రాయడం లేదు.

ద్రజత్

*

బాలిక్‌పాపన్,
1 ఫిబ్రవరి 1996

ద్రజత్‌కి,

ఉపవాసంలో ఉన్నాను, తిట్టకూడదు. ఓడెక్కాక పండగ చంద్రుడు కనిపిస్తాడు, ఆ తర్వాత రేవులో నీకుంది.

నీ ఉత్తరం అందింది. నువ్వు ఆవిడ గురించి రాయకుండా ఉండాల్సింది. రాయవద్దని ఎందుకన్నానో నీకు తెలుసు, తెలిసే రాశావు. సామాన్ల గదిలో పడుకుని ఆలోచించాను. మోకాలి పైకి మట్టి పోసుకున్న ఇంట్లో, పొడి గచ్చుమీద చాప వేసుకుని, లోపలినుంచి గడియ పెట్టుకుని పడుకున్నానని అనుకున్నాను. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నదే కదా, వెంటనే కళ్ళకి కట్టింది. బాగుంది. తర్వాత గోడ అవతల సత్తుగిన్నె చప్పుడు వినిపించింది. ఆగలేదు. నిద్ర పట్టక లేచి కూర్చున్నాను, ఇక్కడ, ఈ గదిలోనే.

లారీలవాళ్ళని పోయమను. అదే మట్టి, రెండిళ్ళకి. మోకాలి పైకి రాదు. పిక్క దాకా కూడా వస్తుందో రాదో మేస్త్రీని అడుగు. అరలు గోడకి ఎత్తుగా బిగించమను. బూ కుస్తినాకి చెప్పు, అన్నం పంపడం లేదు, మాట్లాడటానికే వస్తున్నాను. ఆవిడ కాదనడం నేర్చుకోవాలి. ముందు నా మీద నేర్చుకోనీ.

పున్నమికి రెండిళ్ళలోకీ నీళ్ళు వస్తాయని తెలుసు. రెండు మూడేళ్ళకి మళ్ళీ పోయించాలనీ, అప్పటికి గాజులు ఉండవనీ కూడా తెలుసు. దీన్ని మంచితనం అని మీ అమ్మకి రాయకు. నాకు మండుతోంది. నా ఇల్లు అది.

ఒక సత్తుగిన్నె కొను. పెద్దది, పిడి ఉన్నది. ఆవిడది చిన్నదన్నావు.

పిన్ని